కోడిపిల్లల లెక్కలో మీ అమ్మాయి చదువు

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. నీట్ కోచింగ్ కూడా ఇప్పిస్తున్నాం. ఆమె మొదట కౌండిన్య అడవి ఏనుగుల మీద పరిశోధన చేస్తానంది. నిరుడు వాళ్ల తాతయ్యకు డయాలసిస్ మొదలైనప్పటి నుంచి, ఈ జబ్బు వచ్చినవాళ్లు ఎన్నాళ్లు బతుకుతారో డాక్టర్లు ఎలా లెక్కకడతారని అడుగుతోంది. సర్పంచిగా ఉన్న వాళ్ల మేనత్త ఊరికి ఈ మధ్య వెళ్లి వచ్చాక, రాజకీయాల్లో ఆడవాళ్ల గురించి చదువుతానంటోంది. మూడింటికీ పొంతన లేదు. మనసుకు నిలకడ లేదేమోనని భయం. ముందు ఎంబీబీఎస్ చేయిద్దాం, మిగతావి తర్వాత అని మావారి మాట. ఏ దారిలో పెట్టమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ మొదట నవ్వుకున్నాను, తర్వాత కాస్త సిగ్గుపడ్డాను. చాలా ఏళ్ల కిందట తిరుపతిలో నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఇలాగే పక్షుల గురించీ ఎన్నికల గురించీ ఒకే ఊపులో మాట్లాడాడు. ముందు ఏదో ఒకటి తేల్చుకుని రమ్మని పంపించేశాను. అతను మళ్లీ రాలేదు. మీ అమ్మాయికి ఆ మాట చెప్పదలచుకోలేదు.

ఆమె మూడుసార్లు అడిగింది ఒకే ప్రశ్న. గున్న ఏనుగు ఎన్నాళ్లు బతుకుతుంది, డయాలసిస్ మీద ఉన్న మనిషి ఎన్నాళ్లు బతుకుతాడు, రిజర్వేషన్ సీటులో గెలిచిన మహిళ రాజకీయాల్లో ఎన్నాళ్లు నిలుస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పే శాస్త్రం ఒకటుంది. స్టాటిస్టిక్స్‌లో భాగం, పేరు సర్వైవల్ అనాలిసిస్. పేరు చూసి బెదరకండి, పెరట్లో కోళ్లున్న ఇంట్లో అర్థమయ్యే లెక్కే.

పది కోడిపిల్లలు పుట్టాయనుకోండి. మొదటి వారం గద్ద రెండింటిని ఎత్తుకుపోయింది. వారం చివర మీ అక్కగారు వచ్చి ఒక పిల్లను పట్టుకెళ్లారు. మిగిలినవి ఏడు. రెండో వారం ఒకటి తెగులుతో పోయింది. ఇప్పుడు, రెండు వారాలు దాటి బతికే పిల్లలు నూటికి ఎన్ని? అక్కగారింటికి వెళ్లినదాన్ని చచ్చినదాని కింద కడితే అరవై. అసలు దాన్ని లెక్కలోనే చేర్చకపోతే అరవై ఏడుకు కాస్త తక్కువ. రెండూ తప్పే. ఆ పిల్ల మొదటి వారమంతా మీ పెరట్లో గద్ద బారిన పడకుండా బతికింది కదా, ఆ సంగతి లెక్కలోకి రావాలి. ఆ తర్వాత ఏమైందో మీకు తెలియదు, కాబట్టి అక్కడితో వదిలేయాలి. అందుకని వారం వారం విడిగా చూస్తారు. మొదటి వారం పదింట ఎనిమిది, రెండో వారం ఏడింట ఆరు. ఈ రెండు భిన్నాలనూ గుణిస్తే నూటికి దాదాపు అరవై ఎనిమిదిన్నర. అంతే.

కౌండిన్యలో ఒక ఏనుగుకు, ఎక్కడుందో తెలిపే రేడియో కాలర్ మెడకు వేశాక ఆ కాలర్ ఊడిపోతే, ఆ ఏనుగు అక్కగారింటికి వెళ్లిన కోడిపిల్లే. ఊరు మారి ఆసుపత్రికి రావడం మానేసిన రోగీ అంతే, పదవీకాలం ఇంకా పూర్తికాని సర్పంచీ అంతే. నేను పంపించేసిన కుర్రాడు కూడా.

ఈ పద్ధతి పుట్టిన తీరు మీ అమ్మాయికి తప్పక చెప్పండి. 1950లలో అమెరికాలో పాల్ మయర్ అనే ఆయన రోగులు ఎంతకాలం బతుకుతున్నారో లెక్కకట్టే పనిలో ఉన్నాడు. ఎడ్వర్డ్ కాప్లాన్ అనే మరొకాయన బెల్ ప్రయోగశాలలో, సముద్రం అడుగున వేసే టెలిఫోన్ కేబుళ్లలోని వాక్యూమ్ ట్యూబులు ఎన్నాళ్లు పనిచేస్తాయో చూస్తున్నాడు. ఇద్దరూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే పత్రికకు వ్యాసాలు పంపారు. రెండూ కలిపి ఒకటిగా రాయమన్నారు. ఆ కలపడానికే ఏళ్లు పట్టి, 1958లో వ్యాసం అచ్చయింది. కేబుల్ ట్యూబుకూ క్యాన్సర్ రోగికీ పొంతన ఏమిటని అప్పుడూ ఎవరో ఒకరు అడిగే ఉంటారు. స్టాటిస్టిక్స్‌లో పేరుమోసిన మన తెలుగువాడు సి.ఆర్.రావు కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1946లో కేంబ్రిడ్జి వెళ్లినప్పుడు చేసిన పని సూడాన్‌లో తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం.

రాజకీయాల సంగతికి వస్తే, అది కబుర్ల సబ్జెక్టు అనుకోకండి. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మహిళలకు కనీసం మూడో వంతు సీట్లు కేటాయించింది. మన రాష్ట్రంలో అది సగం. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో ఏ పంచాయతీ మహిళలకు వస్తుందో ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా నిర్ణయమయ్యేది. దాన్ని ఆసరా చేసుకుని రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్తలు 2004లో ఒక పరిశోధన ప్రచురించారు. మహిళ ప్రధాన్‌గా, అంటే పంచాయతీ పెద్దగా, ఉన్నచోట తాగునీటి పనులకు ఎక్కువ ఖర్చు జరిగిందని తేలింది. డఫ్లోకు 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మేనత్తగారి ఊరిలో మీ అమ్మాయికి కలిగిన సందేహం ఈ బాపతుదే.

ఇక దారి. నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. ఆమెకు అడ్డుపడేది నిలకడ లేకపోవడం కాదు, బైపీసీలో గణితం లేకపోవడం. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, బయోస్టాటిస్టిక్స్ (వైద్యానికీ జీవశాస్త్రానికీ పనికొచ్చే స్టాటిస్టిక్స్) వంటి కోర్సులు సాధారణంగా డిగ్రీలో గణితమో స్టాటిస్టిక్సో చదివినవాళ్లనే అడుగుతాయి. కాబట్టి డిగ్రీ ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి. మీకు దగ్గరలో ఉన్నది, ఏర్పేడు దగ్గరి ఐసర్ తిరుపతి, సైన్సు చదువుకూ పరిశోధనకూ పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2015లో మొదలైంది. అక్కడి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు బైపీసీ వాళ్లూ అర్హులే. ప్రవేశ పరీక్షలో అరవై ప్రశ్నలు, జీవశాస్త్రం, రసాయనం, భౌతికం, గణితం తలా పదిహేను. గణితం పదిహేనుకు ఇప్పటి నుంచే రోజూ ఒక గంట కేటాయించమనండి. అక్కడ చేరాక మొదట్లో అన్ని సైన్సులూ చదివిస్తారు, గణితం తప్పించుకోలేరు. ఆమెకు కావలసింది కూడా అదే.

ఐసర్ రాకపోతే ప్రపంచం మునిగిపోదు. తిరుపతిలోనే ఎస్వీ విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. రెండో దాంట్లో మహిళా అధ్యయన విభాగం కూడా ఉంది. జువాలజీతో పాటు స్టాటిస్టిక్స్ చదివే వీలున్న డిగ్రీ కళాశాల వెతకండి, దొరక్కపోతే స్టాటిస్టిక్స్ వైపే మొగ్గండి. జంతువుల గురించి తర్వాత నేర్చుకోవచ్చు, లెక్కలు వయసు మీద పడ్డాక నేర్చుకోవడం కష్టం. ఆపైన బయోస్టాటిస్టిక్స్‌కు మీ చిత్తూరు నుంచి బస్సెక్కితే వెల్లూరు సీఎంసీ ఉండనే ఉంది.

మీవారి మాట కొట్టిపారేయను. నీట్‌లో మంచి ర్యాంకు వస్తే ఎంబీబీఎస్ చేయనివ్వండి, రోగుల మనుగడ మీద పరిశోధనలు చేసేవాళ్లలో డాక్టర్లు చాలామంది ఉన్నారు. కానీ ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్ పేరుతో రెండు మూడేళ్లు హాస్టల్లో కూర్చోబెట్టే పని మాత్రం చేయకండి. అలా వాడిపోయిన పిల్లలను నేను చాలామందిని చూశాను.

సంపాదన గురించి మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. పీహెచ్‌డీలో చేరి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ సాధిస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. హైదరాబాద్, బెంగళూరుల్లో కొత్త మందుల పరీక్షలు నిర్వహించే కంపెనీలకు కూడా ఈ లెక్కలు వచ్చినవాళ్లు కావాలి. డాక్టరంత త్వరగా పేరు రాదు, అది నిజం.

తాతయ్య విషయంలో ఒక మాట. వందమందిలో ఐదేళ్ల తర్వాత ఇంతమంది అని చెప్పే అంకె గుంపుది, ఆయన ఒక్కరిది కాదు. పిల్ల ఆ అంకెను ఇంట్లో అందరి ముందూ చదవకుండా చూడండి.

చివరగా ఒక చిన్న పని. పరీక్షలు అయ్యాక ఈ వేసవిలో మేనత్తగారి ఊరికే పంపండి. ఆ మండలంలో 2013లో గెలిచిన మహిళా సర్పంచులలో ఎంతమంది 2021లో మళ్లీ పోటీ చేశారో ఊరూరా అడిగి రాసుకు రమ్మనండి. అక్కడే పెరట్లో కోళ్లుంటే పిల్లల లెక్క కూడా. మొదటి వారం ఉత్సాహం ఎవరికైనా ఉంటుంది. నాలుగో వారంలో కూడా గళ్లు గీసి, తేదీలు వేసి, విసుక్కోకుండా రాస్తుంటే ఈ దారి ఆమెదే. విసిగిపోతే అదీ మంచిదే, ఫీజు కట్టకముందే తెలిసింది. వలస వెళ్లిపోయి ఆచూకీ దొరకని సర్పంచమ్మను మాత్రం 'పోటీ చేయలేదు' అనే గడిలో వేయవద్దని చెప్పండి. ఆమెకు వేరే గడి గీయాలి.