ఆ బొమ్మలో ఆమెకు రవిక ఎందుకు లేదు?

ప్రశ్న: మా అత్తగారి పెట్టెలో ఒక పాత బొమ్మ నకలు దొరికింది. నేతపనివాడు, పక్కన భార్య. కింద తెలుగులో ‘సాలెవాడు, వాని పెండ్లాము’ అని ఉంది. మావారి వైపువాళ్లు నేతపనివారే. ఆమెకు రవిక లేదని పిల్లలు దాన్ని గోడకు తగిలించనివ్వడం లేదు. మన పెద్దవాళ్లు నిజంగా ఇలాగే ఉండేవారా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. సుమారు రెండు వందల ఏళ్ల కిందట మద్రాసు, తంజావూరు ప్రాంతాల్లో ఈస్టిండియా కంపెనీ దొరల కోసం ఇలాంటివి గీసేవారు. కులానికో జంట, వృత్తికో జంట చొప్పున కట్టలుగా వేయించుకుని ఇంగ్లండుకు తీసుకుపోయేవారు. కాబట్టి ఇతను మీ వంశంలో ఫలానా తాతగారు కాదు, సాలెవాడంటే ఇలా ఉంటాడని దొరకు చూపించిన నమూనా. ఆ రోజుల్లోనే, 1809 నుంచి 1829 వరకు, లండన్‌లో ఆకర్మన్ అనే ప్రచురణకర్త నడిపిన పత్రికలో దొరసానుల కొత్త గౌన్ల బొమ్మలు వచ్చేవి. కొన్ని సంచికల్లో అసలు గుడ్డముక్కలే అంటించి ఇచ్చేవారు. వాళ్లు ఆ బొమ్మలు చూసి బట్టలు కుట్టించుకున్నారు. మనవాళ్ల బొమ్మల్లో బట్ట కులానికి గుర్తుగా మిగిలింది. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రవిక సంగతికి వస్తే, మా నాయనమ్మ కడదాకా రవిక తొడగలేదు. నిండుగా పైట కప్పుకుని ఈ ఊరి వీధుల్లో తల ఎత్తుకునే నడిచింది. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని పిల్లలకు చెప్పండి. ఇప్పటి దక్షిణ కేరళ, కన్యాకుమారి ప్రాంతాల్లోని తిరువాన్కూరు సంస్థానంలో జరిగింది చెబితే వాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ నాడార్ కులపు స్త్రీలు పైగుడ్డ కప్పుకుంటే పై కులాలవాళ్లు మీద పడి చింపేశారు. దశాబ్దాలు పోరాడాక, మద్రాసు గవర్నరు ట్రెవెల్యన్ ఒత్తిడి కూడా తోడయ్యాక, 1859లో అనుమతి దొరికింది. అప్పుడైనా పై కులాల స్త్రీల తీరున కప్పుకోకూడదని షరతు పెట్టారు.

మీ బొమ్మలో నన్ను కట్టిపడేసింది వేరే ఉంది. అతని భుజం మీద అమ్మకానికి మడతపెట్టిన బట్ట చూడండి. నాలుగు వేళ్ల వెడల్పు ఎర్రంచు, అందులో వెంట్రుకవాసి గీతలు. అతను కట్టుకున్న పంచెకు మాత్రం ఒక్క రంగుపోగు కూడా లేదు.

హాల్లోనే తగిలించండి. పిల్లల చేతికి భూతద్దం ఇచ్చి ముందు ఆ అంచు చూడమనండి.