పాస్‌వర్డ్ అడగని సుడో గురించి మేనల్లుడికి

చిన్నా,

రాత్రి రెండింటికి క్రాన్‌లో (టైముకి పనులు నడిపే ప్రోగ్రామ్) నడవాల్సిన స్క్రిప్టు, వెబ్ సర్వర్ ఎంజినెక్స్‌ని రీలోడ్ చేసే చోట ఆగిపోయిందన్నావు. ఆగక ఏం చేస్తుంది? పాస్‌వర్డ్ అడుగుదామంటే ఎదురుగా టెర్మినల్ లేదు, రూట్ (సర్వర్‌మీద సర్వాధికారాలున్న ఖాతా) హక్కులతో కమాండ్ నడిపే సుడో చేతులెత్తేసింది.

దానికి నువ్వు అనుకున్న మందు మాత్రం వద్దు. ఎకోతో పాస్‌వర్డ్‌ని పైపులోంచి సుడోకి పంపితే పని జరుగుతుంది, నిజమే. కానీ ఆ పాస్‌వర్డ్ స్క్రిప్టులో పచ్చిగా కూర్చుంటుంది. గిట్‌లోకి వెళ్తుంది, బ్యాకప్‌లోకీ వెళ్తుంది. రేపు ఎక్కడెక్కడినుంచి తుడుస్తావు?

ఆ స్క్రిప్టు మొత్తం రూట్ పనే అయితే రూట్ క్రాన్‌టాబ్‌లో (క్రాన్ పనుల జాబితా) పెట్టెయ్, సుడోతో పనే లేదు. నీది డిప్లాయ్ అనే యూజర్‌తో నడవాలి కాబట్టి సుడోయర్స్‌లో (ఎవరు ఏ కమాండ్ నడపొచ్చో సుడోకి చెప్పే ఫైలు) ఒక్క లైను చాలు: డిప్లాయ్‌కి, రూట్‌గా, పాస్‌వర్డ్ లేకుండా, సిస్టమ్‌సీటీఎల్ (సర్వీసుల్ని నడిపే కమాండ్) పూర్తి పాత్‌తో, 'రీలోడ్ ఎంజినెక్స్' వరకు. అంతే. బద్ధకించి అక్కడ 'ఆల్' అని రాశావో, డిప్లాయ్ ఖాతా చేజిక్కినవాడికి సర్వర్ మొత్తం రాసిచ్చినట్టే. 'పనిలో పని' అని, సర్వీసు ఎలా ఉందో చూపే స్టేటస్ కూడా కలపకు. దానికి రూట్ అక్కర్లేదు, పైగా అది లెస్‌లో (పేజీలుగా చూపే ప్రోగ్రామ్) తెరుచుకుంటే, పాత వెర్షన్లలో ఆశ్చర్యార్థకం కొట్టి రూట్ షెల్లులోకి దూరిపోవచ్చు. ఇంకోటి, పాస్‌వర్డ్ వద్దని చెప్పే ఆ NOPASSWD ట్యాగులో చివర ఓ, ఆర్ అక్షరాలు ఉండవు, చూసి కొట్టు.

సుడోయర్స్‌ని విసుడోతోనే (సేవ్ చేసేముందు తప్పులు పట్టుకునే కమాండ్) ఎడిట్ చెయ్. ఒకప్పుడు నేను తొందరలో మామూలు ఎడిటర్‌తో తెరిచి ఒక కామా తప్పాను. సుడో పూర్తిగా మొరాయించింది. రూట్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు. ఏసీ గదిలో కన్సోల్ ముందు, స్వెటర్ కూడా లేకుండా, సింగిల్ యూజర్ మోడ్‌లో బూట్ చేసి బాగుచేసుకున్నాను. అప్పటినుంచి ఆ ఫైలు ముట్టుకుంటే పక్కన ఇంకో రూట్ షెల్లు తెరిచే ఉంచుతాను.

లైనుని సుడోయర్స్ డాట్ డీ ఫోల్డర్‌లో వేరే ఫైలుగా పెట్టు, పేరులో చుక్క లేకుండా. చుక్క ఉంటే సుడో ఆ ఫైలుని చదవదు, చదవలేదని చెప్పదు కూడా. చివర డాట్ కాన్ఫ్ అని తగిలించి నేను సగం రోజు పోగొట్టుకున్నాను.

స్క్రిప్టులో సుడో పక్కన మైనస్ ఎన్ పెట్టు. పాస్‌వర్డ్ కావాల్సొస్తే అడగకుండా వెంటనే ఎర్రర్ ఇస్తుంది, లాగ్‌లో దొరుకుతుంది. టెస్ట్ చేసేముందు డిప్లాయ్‌గా మారి సుడో మైనస్ కే కొట్టు. ఉబుంటు ఒకసారి ఇచ్చిన పాస్‌వర్డ్‌ని 15 నిమిషాలు గుర్తుంచుకుంటుంది, కే ఆ గుర్తుని చెరిపేస్తుంది; లేకపోతే ఆ ధీమాతో పనిచేసిందనుకుంటావు. కే తర్వాత కూడా రీలోడ్ అయితేనే క్రాన్‌లోకి ఎక్కించు.

మీ మావయ్య