మౌస్ మార్చే ముందు ఒకసారి తిరగేసి చూడు

చెన్నై

చి. చిన్నమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న మాట మధ్యలో నీకు మీటింగ్ వచ్చి ఫోన్ పెట్టేశావు. చెప్పాల్సింది సగంలో ఉండిపోయింది. ఇలాంటివి ఫోన్‌లో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, ఒక్కొక్కటీ చేసి చూస్తూ చదువు.

నువ్వు "మౌస్ పనిచెయ్యట్లేదు పెదనాన్నా" అని ఒక్క మాటలో అనేశావు కానీ, నీ దగ్గరున్నవి రెండు మౌస్‌లు, రెండు వేరే జబ్బులు. పాత వైరుది ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. విసుగొచ్చి కొన్న వైర్‌లెస్‌దేమో బాణం గుర్తును ఆగి ఆగి లాగుతోంది, ఒక్కోసారి ఏ మూలకో గెంతేస్తోంది. ఇప్పుడు మూడోది ఆర్డర్ పెడతానంటున్నావు. పెట్టకు. రెండోదాంట్లో అసలు లోపమే లేకపోవచ్చు. అలాంటప్పుడు మూడోది తెచ్చినా అదే పని చేస్తుంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఈ పొరపాటు నేనే చేశాను. ఇక్కడ రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్ సామాన్ల షాపులో పనిచేస్తున్న రోజుల్లో, 2003లో అనుకుంటా, చింతాద్రిపేటలో మన తెలుగాయన ఒకరికి ప్రెస్సు ఉండేది. పెళ్లిపత్రికలు వేసేవారు. అప్పటిదాకా ఆయన కింద రబ్బరు బంతి తిరిగే మౌస్ వాడేవారు. అది అరిగిపోతే నేను ఎర్ర లైటుది కొత్తది ఇచ్చాను. వారం తిరక్కుండానే వెనక్కి తెచ్చారు, బాణం గుర్తు గెంతుతోందని. షాపులో పెట్టి చూస్తే శుభ్రంగా పనిచేసింది. అయినా మార్చి ఇచ్చాను. అదీ తిరిగొచ్చింది. ఈసారి ఇంకాస్త ఖరీదైనది ఇచ్చి తేడా డబ్బు కూడా తీసుకున్నాను. అదీ అంతే. అప్పుడు గానీ లేచి ఆయన ప్రెస్సుకి వెళ్లలేదు నేను. వెళ్లి చూస్తే టేబుల్ మీద దళసరి గాజు పలక, దాని కింద వరసగా పరిచిన పెళ్లిపత్రికల శాంపిళ్లు.

బంతికి గాజైనా చెక్కైనా ఒకటే, రాసుకుంటే చాలు తిరుగుతుంది. లైటు మౌస్ అలా కాదు. దాని పొట్ట కింద చిన్న కెమెరా ఉంటుంది. ఆ లైటు వెలుగులో బల్ల పైభాగాన్ని సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒక ఫొటోకీ తర్వాతి ఫొటోకీ మధ్య ఆ గరుకు ఎటు జరిగిందో, ఎంత జరిగిందో లెక్క కట్టి బాణం గుర్తును కదుపుతుంది. గాజు మీద దానికి ఆనవాలు పట్టుకోవడానికి గరుకే దొరకదు. నేను అక్కడున్న పేపరొకటి మడిచి మౌస్ కింద పరిచాను. గెంతడం ఆగిపోయింది. మూడు మౌస్‌ల మీద నింద వేసి, ఆ మనిషిని నాలుగుసార్లు ఎండలో తిప్పాను. తేడా డబ్బు వెనక్కి ఇచ్చేశాను కానీ, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బెంగళూరు మారతహళ్లిలో నీ పీజీ గది ఫొటో మీ అమ్మ నాకు పంపింది. కిటికీ పక్కన నీ బల్ల చూశాను. పైన నల్లగా నిగనిగలాడే గాజు. ఈ ఉత్తరం ఇక్కడ ఆపి, ఒక తెల్ల కాగితం మీద మౌస్ పెట్టి కదిపి చూడు.

గెంతడం పోతే సరే. పోకపోతే మౌస్‌ను తిరగెయ్యి. మొట్టమొదటి మౌస్‌ను 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లిష్ తయారుచేశాడు. చెక్క డబ్బా, దాని కింద ఒకటి నిలువుకీ ఒకటి అడ్డానికీ రెండు చక్రాలు. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో దాన్ని సభలో అందరికీ చూపించారు. తర్వాత చక్రాలు పోయి బంతి వచ్చింది, బంతి పోయి లైటు వచ్చింది. జబ్బు మాత్రం ఎప్పుడూ ముందు పొట్ట కిందే మొదలవుతుంది. బంతి రోజుల్లో లోపలి రోలర్ల చుట్టూ ఉంగరంలా పేరుకున్న మురికిని గోటితో గీకి తీసేవాళ్లం. ఇప్పుడు ఆ లైటు కన్నంలో ఒక్క తలవెంట్రుక ఇరుక్కుంటే చాలు, బాణం గుర్తు దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది. మౌస్ ఆపేసి, పొడి ఇయర్ బడ్‌తో ఆ కన్నం మెల్లిగా తుడువు. నోటితో ఊదకు, తుంపర పడుతుంది. కింద నాలుగు మూలలా ఉండే నున్నటి పట్టీల అంచుల్లో నల్లటి మురికి పేరుకుని ఉంటుంది, దాన్నీ తీసెయ్యి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా పట్టుకో. ఒకసారికి ఒక్కటే మార్చు. కాగితం వేసి, బ్యాటరీ మార్చి, పోర్టు మార్చి, రీస్టార్ట్ కూడా చేసేసి "బాగైపోయింది" అంటే, ఏది చేస్తే బాగైందో నీకు తెలియదు. వచ్చే నెల మళ్లీ వస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒకటి మార్చు, ఐదు నిమిషాలు వాడు, ఏమైందో నోట్‌బుక్‌లో రాసుకో, తర్వాత రెండోదానికి వెళ్లు.

వైర్‌లెస్‌దానికి కాగితంతో తగ్గకపోతే, తర్వాత అనుమానం ల్యాప్‌టాప్ పోర్టులో గుచ్చే ఆ చిన్న రిసీవర్ మీద. ఆ మౌస్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద నడుస్తుంది. చాలా వైఫై రౌటర్లూ, బ్లూటూత్ హెడ్‌సెట్లూ అక్కడే ఉంటాయి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది, ఇది చాలామందికి తెలియదు. హార్డ్ డిస్కులు తగిలించే వేగమైన రకం యూఎస్‌బీ, అంటే యూఎస్‌బీ 3 మీద డేటా పారుతున్నప్పుడు ఆ వైరు నుంచీ పోర్టు నుంచీ కూడా అదే 2.4 దగ్గర రొద పుడుతుంది. ఇంటెల్ కంపెనీయే 2012లో దీని గురించి ఒక పత్రం వేసింది. ఆఫీసు ఫైళ్లు బ్యాకప్ తీసేటప్పుడే మౌస్ నత్తనడక నడుస్తోందని చెప్పావు చూడు, అక్కడే నాకు అనుమానం వచ్చింది. నీ హార్డ్ డిస్కూ, మౌస్ రిసీవరూ పక్కపక్క పోర్టుల్లో ఉన్నాయా? ఉంటే రిసీవర్‌ను అవతలి వైపు పోర్టులో పెట్టు. అవతల పోర్టు లేకపోతే, మూరెడు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి, దాని చివర రిసీవర్ గుచ్చి, మౌస్‌కి దగ్గరగా బల్ల మీదే ఉంచు. మధ్యలో ఇనుప వస్తువు అడ్డం లేకుండా చూసుకో.

బ్యాటరీ సంగతి చప్పున చెప్పేస్తాను. కొత్తది వేసి చూడు, అంతే. బ్యాటరీ పెట్టే చోట తెల్లటి పొడి కనిపిస్తే మాత్రం బ్యాటరీ కారిందని అర్థం. అది క్షారం, చేత్తో ముట్టుకోకు. ఇయర్ బడ్‌ను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కాస్త తడిపి తుడిచి, తర్వాత కొంచెం నీళ్లద్దిన బడ్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి కొత్త బ్యాటరీ వెయ్యి. ఊరికొచ్చేటప్పుడు బ్యాటరీ తీసి పక్కన పెట్టి రావడం అలవాటు చేసుకో.

కాసేపు వదిలేశాక మౌస్ నిద్రపోయి, లేవడానికి మొరాయిస్తే అది విండోస్ పొదుపు. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిస్తే పవర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి కంప్యూటర్‌కి అనుమతి ఇస్తున్నట్టు ఒక టిక్కు పెట్టి ఉంటుంది. అది తీసెయ్యాలి. నీది ఆఫీసు ల్యాప్‌టాప్ కాబట్టి నీ అంతట నువ్వు చెయ్యకు, మీ ఐటీ వాళ్లనడిగి చేయించుకో.

ఇక పాత వైరు మౌస్. దాని మీదే నాకు ఎక్కువ మమకారం, ఎందుకంటే అది బాగుచేసుకోదగ్గ జబ్బు.

ముందు రోగం ఖాయం చేసుకుందాం. నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు వాక్యాలు రాయి. ఒక పదం మీద ఒక్కసారి నొక్కితే అక్కడ గీత మాత్రం నిలబడాలి. రెండుసార్లు పడితే పదం మొత్తం నీలంగా మారుతుంది. మధ్యలో రెండేసి సెకన్లు ఆగుతూ యాభైసార్లు నొక్కు. ఒక్కసారైనా పదం నీలమైతే బటన్ కింది స్విచ్ మీద అనుమానం. తర్వాత మొదటి వరస మీద నొక్కిపట్టి, వేలు తియ్యకుండా కిందికి మెల్లిగా లాగు. ఆ నీలం మధ్యలో ఆగిపోయినా, తెగిపోయినా అదీ స్విచ్ పనే కావచ్చు. ఇదంతా అయ్యాక ఆ మౌస్‌నే నీ రూమ్మేట్ ల్యాప్‌టాప్‌కి తగిలించి మళ్లీ చెయ్యి. అక్కడా అలాగే ఉంటే జబ్బు మౌస్‌ది. అక్కడ బాగుంటే నీ ల్యాప్‌టాప్ సెట్టింగులది. ఒక్క క్లిక్కుకే ఫోల్డర్ తెరుచుకునేలా విండోస్‌లో సెట్టింగ్ ఉంది, అది పొరపాటున పడి ఉన్నా జనం మౌస్‌నే తిడతారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

మొన్న నీ మూడు నెలల రిపోర్టుల ఫోల్డర్ కళ్లముందే మాయమైందని ఏడ్చావు కదా తల్లీ. అది డిలీట్ అయి ఉండదని నా నమ్మకం. నువ్వు పట్టుకుని లాగుతున్నప్పుడు స్విచ్ లిప్తపాటు వదిలేసింది, ఆ ఫోల్డర్ దారిలో ఉన్న ఇంకో ఫోల్డర్‌లో పడిపోయింది. వెంటనే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే వెనక్కి వచ్చేది. ఇప్పుడైతే పేరు కొట్టి వెతుకు, పక్క ఫోల్డర్లలోనే దొరుకుతుంది.

స్విచ్ ఎందుకిలా అవుతుందో కూడా తెలుసుకో. బటన్ కింద వేలి గోరంత నల్ల డబ్బా ఉంటుంది. లోపల బిగువుగా వంచిన పల్చటి రాగి మిశ్రమం రేకు. నొక్కగానే అది టక్కున కిందికి దిగి కరెంటు కలుపుతుంది. ఏ రేకైనా తగిలినప్పుడు కొంచెం అదురుతుంది. ఆ అదురు లెక్కలోకి రాకుండా మౌస్ లోపలి చిప్ కొన్ని మిల్లీసెకన్లు ఓపిక పడుతుంది. వాడగా వాడగా రేకు బిగువు తగ్గుతుంది, తగిలే చోట చిలుము పడుతుంది, అదురు పెరుగుతుంది. చిప్ ఓపిక దాటిన అదురును రెండో క్లిక్కుగా లెక్కేస్తుంది. స్విచ్ కంపెనీలు కోటి, రెండు కోట్ల క్లిక్కులు అని చెబుతాయి. రోజుకి 5,000 చొప్పున ఏడాదికి 300 రోజులు నొక్కినా కోటికి ఆరేళ్లు దాటాలి. కానీ అది పరీక్షగదిలో లెక్క. మా చెన్నై ఉప్పుగాలిలో, చెమట చేతుల కింద అంతకాలం నిలవనివి నేను చాలా చూశాను.

కొత్త స్విచ్ వేసేదాకా ఒక దారుంది. విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ప్రైమరీ బటన్‌ను కుడివైపుకి మార్చుకో. కుడి స్విచ్ నీ చేతిలో అంతగా నలగలేదు. రెండు రోజులు చెయ్యి తడబడుతుంది, తర్వాత అలవాటవుతుంది. క్లిక్ పడట్లేదని గట్టిగా గుద్దడం మాత్రం మానెయ్యి. వేలు నొప్పి అన్నావు, దానికదీ ఒక కారణం కావచ్చు.

బటన్ సందులోంచి తుప్పు వదిలించే నూనె స్ప్రే కొట్టమని ఎవరైనా చెబితే వినకు. నాలుగు రోజులు బాగుపడినట్టు కనిపించి, తర్వాత దుమ్మంతా జిగురులా పట్టుకుంటుంది. స్క్రోల్ చక్రం కిందికి తిప్పితే పేజీ పైకి గెంతడం కూడా చాలావరకు దుమ్ము వల్లే. బెంగళూరులో మీ చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక బిల్డింగ్ కడుతూనే ఉంటారు కాబట్టి అది నీకూ రావచ్చు. వైరు లాగి పక్కన పెట్టి, చక్రం సందులో గాలి డబ్బాతో ఊది, చక్రాన్ని గిరగిరా తిప్పితే చాలావాటికి నయమవుతుంది. వైరును ఏదో ఒక వంపులో పట్టుకుంటేనే లైటు వెలుగుతుంటే, లోపల తీగ తెగింది. ఎక్కువగా మౌస్‌లోకి దూరే చోటే తెగుతుంది. మౌస్ చుట్టూ వైరును బిగించి చుట్టి బ్యాగులో తోస్తే జరిగేది అదే.

ఇంకొక సంగతి, ఇది మౌస్ కంటే పెద్దది. నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చెయ్యకు. కొన్న బిల్లు మీదో, డబ్బా మీదో ఉన్న నంబరే నంబర్. మౌస్ బాగుచేస్తానని ఎవడైనా నీ స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమంటే ఫోన్ పెట్టెయ్యి. డ్రైవర్ అప్‌డేట్ చేస్తామని వచ్చే ప్రకటనలూ అంతే. మామూలు మౌస్‌కి కావాల్సింది విండోస్‌లోనే ఉంటుంది. మీటింగ్ మధ్యలో మౌస్ చచ్చిపోతే కంగారు పడకు. కంట్రోల్, ఎస్ నొక్కి పని సేవ్ చెయ్యి. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే కిటికీలు మారతాయి. షిఫ్ట్ పట్టుకుని ఎఫ్ 10 నొక్కితే కుడి క్లిక్ మెనూ వస్తుంది.

స్విచ్ మార్పించుకోవాలంటే మీ బెంగళూరు టౌన్ హాల్ దగ్గర ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్‌పీ రోడ్డులో ఎవరైనా చేసి పెడతారు. కానీ వారంటీ ఉందేమో ముందు బిల్లు చూడు, ఉంటే ఎవరినీ విప్పనివ్వకు. తీరిక లేకపోతే దాన్ని పారెయ్యకుండా పండక్కి వచ్చేటప్పుడు పట్టుకురా. నా సోల్డరింగ్ ఐరన్ ఇంకా బీరువా పైనే ఉంది. నా పక్కన కూర్చో, ఆ మూడు కాళ్లూ ఎలా ఊడదీయాలో, కొత్తది ఎటువైపు తిప్పి పెట్టాలో నీ చేతే చేయిస్తాను.

రేపు కాగితం పరిచి ఒకసారి, రిసీవర్ జరిపి ఒకసారి చూడు. నోట్‌బుక్‌లో రాసుకున్నది సాయంత్రం ఫోన్ చేసి చదువు.

ఇట్లు
మీ పెదనాన్న