షుగర్ ఉన్న సంగతి దాచి టర్మ్ పాలసీ తీసుకోవచ్చా?

మీ ప్రశ్న: "వయసు 35. రెండేళ్లుగా షుగర్, రోజూ రెండు మాత్రలు. కోటి రూపాయల టర్మ్ పాలసీ (గడువులోపు మనం పోతే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకుందామనుకుంటే, ఫారంలో షుగర్ సంగతి రాయొద్దు, మూడేళ్లు దాటితే కంపెనీ ఏమీ అడగడానికి వీల్లేదు అంటున్నాడు ఏజెంట్. నిజమేనా?"

సగం నిజమండి. ఆ సగం నమ్మే మా పెదనాన్నగారి అబ్బాయి మునిగిపోయాడు.

అన్నయ్యకు నాలుగేళ్లుగా బీపీ ఉండేది. రోజుకో మాత్ర, అంతే. "ఈ రోజుల్లో బీపీ ఎవరికి లేదు, అది కూడా రాస్తారా?" అని ఏజెంట్ అంటే ఊరుకున్నాడు. పాలసీ తీసుకున్న ఏడాదిన్నరకు ఒక రాత్రి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ "బీపీ ఉందా, ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాడు. వదిన కంగారులో ఉన్నమాటే చెప్పింది: "ఐదేళ్లు దాటిందండీ." డాక్టర్ కేస్ షీట్లో అదే రాసుకున్నాడు. తెల్లారేసరికి అన్నయ్య లేడు. నెలన్నర తర్వాత కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. వదిన ఇచ్చిన కాఫీ తాగి, ఆవిడే తెచ్చిచ్చిన ఫైల్లోంచి ఆ కాగితానికి, పాత మందుల చీటీలకు ఫోటోలు తీసుకుని వెళ్లాడు. క్లెయిమ్ తిరస్కరిస్తున్నామని ఉత్తరం వచ్చింది. కట్టిన ప్రీమియం మాత్రం వెనక్కిచ్చారు.

మీ ఏజెంట్ చెప్పే మూడేళ్ల మాట బీమా చట్టం 45వ సెక్షన్‌లోది. 2015లో చేసిన సవరణ ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణం చూపించీ కంపెనీ ప్రశ్నించకూడదు. కానీ ఆ మూడేళ్లూ మనం బతికే ఉంటామని ఏజెంట్ రాసిస్తాడా? ఇంకో మెలిక కూడా ఉంది. మధ్యలో ప్రీమియం కట్టక పాలసీ ల్యాప్సై, దాన్ని మళ్లీ బతికించుకుంటే, మూడేళ్ల లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇది ఏజెంట్లు చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

ఇక నా సంగతి. నాకు 33లో షుగర్ బయటపడింది. 36లో టర్మ్‌కి అప్లై చేశాను, షుగర్ సంగతి దాచకుండానే. ఒక ఆదివారం పొద్దున్నే ల్యాబ్ కుర్రాడు ఇంటికే వచ్చాడు. పరగడుపున రక్తం ఇవ్వాలంటే మా అమ్మకు అర్థం కాదు. "ఒక్క గుక్క కాఫీకి ఏమవుతుందిరా" అని గ్లాసు పట్టుకుని వెనకే తిరిగింది. రెండు గొట్టాల రక్తం, మూత్రం, అక్కడే ఈసీజీ తీశాడు. తర్వాత వీడియో కాల్‌లో కంపెనీ డాక్టరమ్మ మా నాన్నగారు ఏ వయసులో, దేనితో పోయారో రెండుసార్లు అడిగింది. 58లో, గుండెపోటుతో. ఇంట్లోవాళ్ల జబ్బులూ వాళ్ల లెక్కలోకి వస్తాయి.

పది రోజులకు జవాబు వచ్చింది: ఆరు నెలల వాయిదా. నా హెచ్‌బీఏ1సీ 8.4 ఉంది మరి. దాదాపు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష అది. అది 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ జబ్బు అంటారు. ముందు రోజు అన్నం మానేసి వెళ్తే పరగడుపు షుగర్ కాస్త దిగుతుందేమో గానీ, ఇది మాత్రం కదలదు. నేను ఆ పనీ చేశాను లెండి, అందుకే చెబుతున్నా.

ఆ ఆరు నెలలు రాత్రిపూట అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలు తిన్నాను, రోజూ నలభై నిమిషాలు నడిచాను, డాక్టర్ మందు మార్చారు. 6.8కి వచ్చింది. ఈసారి ఒప్పుకున్నారు, కాకపోతే లోడింగ్ వేసి, అంటే జబ్బు ఉందని ప్రీమియం పెంచి. ఆన్‌లైన్‌లో ఏడాదికి 16 వేల చిల్లర చూపించింది 24 వేలు దాటింది. ఒప్పుకుంటే సంతకం పెట్టండి, లేకపోతే కట్టిన డబ్బు వెనక్కిస్తాం అన్నారు. ఒక రోజంతా తిట్టుకున్నాను. తర్వాత వదిన ఫైలు గుర్తొచ్చి సంతకం పెట్టాను. అప్పట్లో జీఎస్టీ 18 శాతం అదనం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద అది తీసేశారు కాబట్టి మీకు ఆ బరువు లేదు.

అందుకే మీరు ముందు మీ హెచ్‌బీఏ1సీ సొంత డబ్బుతో చేయించుకోండి. ఎనిమిది దాటి ఉంటే ఇప్పుడే అప్లై చేయకండి. ఒకసారి "వాయిదా" లేదా "తిరస్కరణ" పడితే, "ఇంతకుముందు ఏ కంపెనీ అయినా మీ ప్రపోజల్ (బీమా దరఖాస్తు) ఆపిందా?" అని తర్వాతి ఫారంలో అడుగుతారు, దానికీ నిజమే రాయాలి. అలాగని ఏళ్ల తరబడి ఆగొద్దు, వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. ఒక్క షుగర్ ఉంటే ఒక లెక్క, దానికి బీపీ, బరువు, మూత్రంలో ప్రోటీన్ తోడైతే ఇంకో లెక్క. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు మరీ కష్టం. సిగరెట్ అలవాటుంటే అదీ రాయండి, నికోటిన్ వాడకం పరీక్షలో దొరుకుతుంది. ఖైనీ, గుట్కా కూడా పొగాకే. ఒక కంపెనీ కాదన్నంత మాత్రాన అందరూ కాదనరు, ఎవరి లెక్కలు వాళ్లవి.

అంతవరకు ఖాళీగా ఉండకండి. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలు కట్టే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉంది, 18 నుంచి 50 ఏళ్లలోపు ఖాతాదారులు ఎవరైనా చేరొచ్చు, వైద్య పరీక్షలు లేవు, 2 లక్షలు వస్తాయి. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదంలో పోతే తప్ప డబ్బు రాదు, అది గుర్తుపెట్టుకోండి. పీఎఫ్ కోత ఉన్న ఉద్యోగమైతే దానితో పాటే ఉండే ఈడీఎల్ఐ అనే బీమా కింద, ఉద్యోగంలో ఉండగా పోతే, ఇంటివాళ్లకు 7 లక్షల వరకు అందుతుంది, చాలామందికి అది ఉందనే తెలియదు. ఆఫీసువాళ్లు ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూప్ టర్మ్ కూడా మంచిదే గానీ ఉద్యోగం మానేస్తే సాధారణంగా అదీ పోతుంది.

పాలసీ వచ్చాక బాండుతో పాటు మీ ప్రపోజల్ ఫారం కాపీ కూడా వస్తుంది. దాన్ని చివరిదాకా చదవండి. నచ్చకపోతే రద్దు చేసుకోవడానికి 30 రోజులు టైం ఉంటుంది. నా కాపీలో షుగర్ సరిగ్గానే ఉంది గానీ, "తండ్రి" ఎదురుగా "సజీవం, ఆరోగ్యం" అని ఉంది. ఫారం నింపిన ఏజెంట్ నన్ను అడక్కుండానే టిక్కు పెట్టేశాడు. ఆ రాత్రే కంపెనీకి మెయిల్ పెట్టి సరిచేయించుకున్నాను. ఆ మెయిల్, వాళ్ల జవాబు ప్రింట్ తీసి బాండుతో పాటు బీరువాలో పెట్టాను. ఏ అరలో ఉందో మా ఆవిడకు చూపించాను కూడా.