సీల్ కిట్ మార్చినా డిస్క్ బ్రేక్ పట్టేస్తుంటే సీల్ గాడి చూడండి

మీ నాన్నగారి 2001 మోడల్ హీరో హోండా సీబీజెడ్ బైక్ నాలుగేళ్లు షెడ్డులో ఉండిపోయిందని, బయటికి తీశాక ముందు డిస్క్ బ్రేక్ పట్టుకుని వదలడం లేదని, సీల్ కిట్ (లోపలి రబ్బరు రింగుల సెట్టు) మార్పించిన రెండు నెలలకే మళ్లీ అదే మొదలైందని రాశారు. నా దగ్గర 2000 మోడల్ సీబీజెడ్ ఉంది. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటాం. ఆ బండి ముందు బ్రేక్‌ని ఇప్పటికి మూడుసార్లు పూర్తిగా విప్పి బిగించాం. మొదటి రెండుసార్లూ మీకు జరిగినట్టే జరిగింది.

కొత్త సీళ్లు వేసినా పట్టేస్తోందంటే చాలావరకు తప్పు సీళ్లది కాదు. అవి కూర్చునే గాడిని ఎవరూ శుభ్రం చేసి ఉండరు.

డిస్క్‌ని పట్టి ఆపే భాగం కాలిపర్. అందులో ప్యాడ్‌ని డిస్క్ మీదికి నెట్టే పిస్టన్‌ని వెనక్కి లాగడానికి స్ప్రింగ్ ఏదీ ఉండదు. ఆ పని కూడా సీలే చేస్తుంది. అడ్డంగా కోసి చూస్తే నలుపలకలుగా ఉండే రబ్బరు రింగు అది. లీవర్ నొక్కితే పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న రబ్బరు అంచు కూడా కాస్త వంగుతుంది. లీవర్ వదలగానే రబ్బరు తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాక్కుంటుంది. ప్యాడ్ డిస్క్‌ని రాసుకోకుండా ఉండేది ఆ వెంట్రుకవాసి వల్లే. గాడి అడుగున అల్యూమినియం తుప్పు తెల్లటి పొడిలా పేరుకుంటే సీల్ పైకి లేచి పిస్టన్‌ని బిగించేస్తుంది. ఇక వంగడానికీ తిరిగి రావడానికీ దానికి చోటుండదు. అందులో ఎంత కొత్త సీల్ వేసినా ఇంతే.

తుప్పు అక్కడికి రావడానికి ఒక దారి దుమ్ము ఆపే బయటి డస్ట్ సీల్ కింద చేరే నీరు, మట్టి. రెండోది బ్రేక్ ఆయిలే. డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గాలిలోని తేమని పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 మరిగేది కనీసం 230 డిగ్రీల దగ్గర. తేమ పట్టాక ఆ హామీ 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు లీవర్ ఒక్కసారిగా మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తే, లోపల ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టినట్టే. ఒకసారి అరకు నుంచి దిగుతూ అది అనుభవించాను, కాళ్లు వణికాయి. అప్పటి నుంచి బండి నడిపినా నడపకపోయినా రెండేళ్లకోసారి ఆయిల్ మారుస్తున్నాను.

విప్పే ముందు ఒక పరీక్ష చేయండి. బ్రేక్ పట్టేసి ఉన్నప్పుడు కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే బ్లీడర్ నిపిల్‌ని కొద్దిగా వదులు చేయండి. కాస్త ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీగా తిరిగితే కాలిపర్ మంచిదే, ఒత్తిడి పైన ఎక్కడో ఆగిపోతోంది. లీవర్ దగ్గర ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ అయినా కావచ్చు, లోపల ఉబ్బిపోయిన పాత రబ్బరు హోస్ అయినా కావచ్చు. నిపిల్ వదులు చేసినా చక్రం తిరగకపోతే తప్పు కాలిపర్‌దే. అప్పుడు పిస్టన్‌తో పాటు, కాలిపర్ జారే పిన్నులూ బిగుసుకున్నాయేమో చూడండి.

మొదటిసారి నా బండి విప్పిన మెకానిక్ విడిభాగాలన్నీ పెట్రోల్‌లో కడిగాడు. పక్కనే నిలబడి చూస్తూ కూడా నేను వద్దనలేదు, అప్పటికి నాకూ తెలియదు. బ్రేక్ సీళ్ల రబ్బరు బ్రేక్ ఆయిల్‌కి తట్టుకుంటుంది కానీ పెట్రోల్, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది. నెల తిరక్కుండానే బ్రేక్ పట్టేసింది. రెండోసారి నేనే మంచి కిట్ కొని వేశాను కానీ గాడి జోలికి వెళ్లలేదు. మూడోసారి పాత సీళ్లు తీసి టార్చి వేసి చూస్తే అడుగున సున్నం గారలా గట్టిపడి ఉంది. సన్నటి కొక్కెంతో, గాడి అంచులకి గీత పడకుండా మెల్లగా గోకి తీయడానికి ఒక సాయంత్రం మొత్తం పట్టింది. మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, కూలి లెక్క చూసుకునే చోట ఎవరూ ఇంత ఓపిగ్గా చేయరు. గోకాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. కొత్త సీల్‌ని వేలితో నొక్కితే గాడిలో చుట్టూ సమంగా కూర్చోవాలి. ఎక్కడైనా ఉబ్బెత్తుగా కనిపిస్తే అక్కడ గార ఇంకా మిగిలినట్టే.

పిస్టన్ తీయడానికి కంప్రెసర్ గాలి వాడకండి. తుపాకీ గుండులా బయటికొస్తుంది, వేలు అడ్డముంటే నలిగిపోతుంది. హోస్ విప్పకముందే ప్యాడ్లు తీసేసి, లీవర్‌ని కొద్దికొద్దిగా నొక్కుతూ పిస్టన్‌ని బయటికి తెచ్చుకోవడం మేలు. సీల్ రాసుకునే చోట పిస్టన్ మీద గోరు తగులుకునేంత గుంట ఉంటే దాన్ని పాలిష్ చేయకండి, మార్చేయండి. బిగించేటప్పుడు సీల్‌నీ పిస్టన్‌నీ కొత్త బ్రేక్ ఆయిల్‌తో గానీ, ఎర్రటి రబ్బర్ గ్రీజుతో గానీ తడపండి. ఆ ఎర్ర గ్రీజు మన ఆముదంతో చేసేదే. పూర్వం బ్రేక్ ఆయిల్ కూడా ఆముదాన్ని ఆల్కహాల్‌లో కలిపి చేసేవారట, ఆముదం రబ్బరుకి హాని చేయదు కాబట్టి. హోస్ బోల్టుకి రెండు వైపులా ఉండే రాగి వాషర్లు కూడా కొత్తవే వేయండి.

మాస్టర్ సిలిండర్‌ని మాత్రం మర్చిపోకండి. దాని మీద ఆయిల్ పోసే రిజర్వాయర్ అడుగున రెండు రంధ్రాలుంటాయి, ఒకటి సూదిమొనంత. బ్రేక్ వేడెక్కి ఆయిల్ వ్యాకోచించినప్పుడు వెనక్కి వెళ్లే దారి అదే. నాలుగేళ్లు నిలవున్న బండిలో అది జిగటగా మూసుకుపోయే అవకాశం ఎక్కువ. అది మూసుకుంటే బయల్దేరినప్పుడు బాగానే ఉండి, నాలుగైదు కిలోమీటర్లు వెళ్లేసరికి బ్రేక్ దానంతటదే బిగుస్తుంది. సన్నటి రాగి తీగతో శుభ్రం చేయవచ్చు.

ఆయిల్ విషయంలో రిజర్వాయర్ మూత మీద రాసి ఉన్నదే వేయండి. డాట్ 5 సిలికాన్ ఆయిల్, డాట్ 5.1 వేరే, ఆ రెంటినీ కలగాపులగం చేయకండి. సీసా విప్పి ఆరు నెలలైతే పారేయండి. ట్యాంకు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింట్ లేచిపోతుంది.

ఆయిల్ దారిలో చేరిన ఎయిర్ తీసి బిగించాక ముందు బ్రేక్ తాకకుండా, వెనక బ్రేక్‌తోనే ఖాళీ రోడ్డు మీద ఒక కిలోమీటరు మెల్లగా నడిపి డిస్క్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. సెగ తగిలితే ప్యాడ్ ఇంకా రాసుకుంటోంది, మళ్లీ విప్పాల్సిందే. నా బండి డిస్క్ మూడోసారికి చల్లగా తగిలింది. ఆ తర్వాతే సింహాచలం కొండ ఎక్కించి దించాను.