అడ్డపొగ మాన్పించాలంటే సిగరెట్ పోస్టర్ పనికిరాదు

ప్రశ్న: నేను పాడేరు ఏజెన్సీలో ఆశా కార్యకర్తని. మా ఊళ్లో పెద్ద వయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. పోస్టర్ చూపించి క్యాన్సర్ అని చెబితే నవ్వేస్తున్నారు. మా అత్తయితే పంటినొప్పికి మంచిదంటుంది. ఎలా మాన్పించాలి?

జవాబు: వాళ్లు నవ్వడంలో తప్పేం లేదమ్మా. ఆ పోస్టర్‌లో ఉండేది సిగరెట్ పట్టుకున్న మగమనిషి, వీళ్లు తాగేదేమో సంతలో పొగాకు కొని ఇంట్లో చుట్టుకునే చుట్ట, దానికి ప్యాకెట్టే ఉండదు కాబట్టి ప్యాకెట్ మీద వేసే హెచ్చరిక బొమ్మ వాళ్ల కంటపడే అవకాశమే లేదు. ఇంట్లో కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడేవాళ్లకి అచ్చ తెలుగులో ఉపన్యాసం ఇస్తే ఎక్కదు కూడా.

ఊపిరితిత్తుల సంగతి తర్వాత. నిప్పు వైపు నోట్లో ఉంటుంది కనుక ముందు దెబ్బతినేది అంగిలి. అద్దం, టార్చిలైటు పట్టుకెళ్లి ఎవరి అంగిలి వాళ్లకే చూపించండి: తెల్లబడిన చర్మం, ఎర్రటి చుక్కలు, మచ్చలు. ఎర్రమచ్చ ఉన్నా, రెండు వారాల్లో మానని పుండు ఉన్నా ఆలస్యం చేయకుండా మీ ఎంఎల్‌హెచ్‌పీ (ఊరి హెల్త్ క్లినిక్‌లో ఉండే ఆరోగ్య అధికారి) దగ్గరికి తీసుకెళ్లండి, 30 ఏళ్లు దాటినవాళ్లకి నోటి పరీక్ష ఆమె పనిలో భాగమే.

మీ అత్త పన్నుని ముందు డాక్టర్‌కి చూపించండి. నొప్పి పోతే చుట్ట వెలిగించడానికి ఒక కారణం పోతుంది. మిగతావాళ్లనీ అడగండి, గాలికి ఆరదనో, బూడిద రాలదనో, పొద్దున్నే అలవాటనో ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతారు, సాయం కూడా దాన్ని బట్టే ఉండాలి. పొగాకు మానేటప్పుడు వాడే నికోటిన్ గమ్‌ని కాస్త నమిలి బుగ్గన పెట్టుకోవాలి. పళ్లు లేకపోయినా, నోట్లో పుండు ఉన్నా అది కుదరదు, అప్పుడు ఒంటికి అంటించే ప్యాచ్ గురించి డాక్టర్‌ని అడగండి. చుట్టని తిప్పి మామూలుగా కాల్చడం, ఖైనీకి మారడం మానేయడం కిందకి రావు.

పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే 1800-11-2356 క్విట్‌లైన్ ఉచితం. సిగ్నల్ దొరికే చోట మీరు పక్కన కూర్చుని వాళ్ల భాషలో అటూ ఇటూ చెప్పాల్సి వస్తుంది. నాకైతే డ్వాక్రా మీటింగే ఇంకా నయం అనిపిస్తుంది, చుట్ట మానేసిన మనిషి ఒక్కరున్నా వాళ్ల భాషలోనే ఆమెతో మాట్లాడించండి, మీరు పక్కన ఉండండి చాలు. మొదటి వారం చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలే. ఆ రోజుల్లో "పోనీ ఒక్కటి వెలిగించుకో" అనొద్దని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.