జావా మాస్ లోపల గోధుమరంగుకు తిరగడం గురించి

మీరు అక్వేరియంలోని డ్రిఫ్ట్‌వుడ్‌కు (అలంకరణకు నీటిలో ఉంచే కట్టెకు) కట్టిన జావా మాస్ అనే చిన్న నీటి మొక్క పైకి పచ్చగానే ఉన్నా లోపల గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే ఊడి వస్తోందని, అందుకని రోజుకు 12 గంటలు లైటు వేస్తున్నారని రాశారు. ఈ లక్షణాలను బట్టి అసలు కారణం మందంగా కట్టడమేనని నా అభిప్రాయం. మాస్‌కు నిజమైన వేర్లు ఉండవు. అది పోషకాలను ప్రధానంగా ఆకులతోనే పీల్చుకుంటుంది కనుక, ముద్దగా చుట్టినప్పుడు లోపలి పొరలకు వెలుతురూ నీటి ప్రవాహమూ అందక, చేపల వ్యర్థాలు అక్కడే పేరుకొని, కుళ్లు మొదలవుతుంది.

దానిని బయటికి తీసి, అక్వేరియం నీటిలోనే మెల్లగా జాడించి, గోధుమరంగు భాగాన్ని పూర్తిగా కత్తిరించండి. పచ్చని కొసలను రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా చేసి, అడుగున కట్టె అక్కడక్కడా కనిపించేంత పలుచగా పరిచి కట్టండి. మొదట్లో వెలితిగా అనిపించినా ఈ పలుచదనాన్ని దయచేసి వదులుకోకండి. జావా మాస్ కట్టెను గట్టిగా పట్టుకోదు, నూలు దారమేమో నీటిలో చివికిపోతుంది. అందువల్ల సన్నని నైలాన్ గాలపు దారమే మేలు.

లైటును 6 నుంచి 8 గంటలకు తగ్గించండి, లేకపోతే పోగుల్లాంటి నాచు మాస్‌లోకి అల్లుకుపోతుంది, దానిని విడదీయడం చాలా కష్టం. వారానికోసారి పావు వంతు నీరు మార్చండి. వేసవిలో నీరు 30 డిగ్రీలు దాటుతుంటే, నీటి ఉపరితలంపైకి చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెట్టి, ఆవిరైన మేరకు నీరు నింపుతూ ఉండండి. నాచును చంపే మందులు మాత్రం వేయకండి. వాటిలో చాలావాటికి మాస్ కూడా దెబ్బతింటుంది.